అత్త కుప్ప మీది దీపం

మా మేనత్త ఎరువు కుప్పను దొంగిలించింది నేనే. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా పడలేదు, ఊరందరికీ తెలుసు కాబట్టి. ఆ దొంగతనం చేసిన రోజుల్లోనే జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు నాకు శాలువా కప్పాడు. అది ఇప్పటికీ మా బీరువా అడుగున ఉంది. ఎంత చలి వేసినా మా ఇంట్లో ఎవరూ దాన్ని బయటికి తీయరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. తమిళనాడులో ధర్మపురికీ హరూర్‌కీ నడుమ ఉన్న ఒక టౌన్ పంచాయతీ ఆఫీసులో నేను గుమాస్తాను. ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లు మావి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లేగానీ చదివేవాళ్లు లేరు. పంచాంగం చూసుకోవడానికి మా తాత నేర్చుకున్న అక్షరాలు నాకూ నేర్పిపోయాడు. ఆ అక్షరాలతోనే ఆయన కూతురికి చేసిన ద్రోహం రాస్తున్నాను. ఏం చేస్తాం, చదువు ఎందుకు పనికొస్తుందో నేర్పేవాడికి తెలియదు.

అత్త మా నాన్నకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోయాడు. పిల్లల్లేరు, గుంట నేల లేదు. మా ఇంటి వెనక సందు చివర ఒక రేకుల గది, ఆ గది పక్కన ఆమె కుప్ప. ఎరువు దిబ్బను మా వైపు కుప్ప అంటాం. పొద్దు పొడవకముందే గంప తీసుకుని బయలుదేరేది. పశువులు నడిచిన దారిలో పేడ, టీ కొట్ల బూడిద, కల్యాణమండపం వెనక పారేసిన ఎంగిలి ఆకులు, పట్టుపురుగులు పెంచే ఇళ్లలో మిగిలిన మల్బరీ పుల్లలు, పాలకోడు మార్కెట్‌కు పోయే లారీల నుంచి దారిలో దించేసిన కుళ్లు టమోటాలు, అన్నీ మోసుకొచ్చి కుప్పలో పొరలు పొరలుగా వేసేది. ఏడాదంతా అదే పని. తొలకరికి ముందు పక్క ఊరి రైతు ఒకాయన ట్రాక్టరు తెచ్చి ఆ ఎరువు ఎత్తుకుపోయేవాడు. పంట చేతికొచ్చాక రాగులు, ఉలవలు మూటలు కట్టి తెచ్చి ఆమె గుమ్మంలో దించేవాడు. కాగితం లేదు, సాక్షి లేడు, ఉన్నదల్లా మాట. ఆ రాగులతోనే మళ్లీ పంట దాకా ఆమె సంకటి వండుకునేది.

పండగ రోజు కూడా మా ఇంట్లో తినేది కాదు. మా ఆవిడ పిలిస్తే, "నా చేయి కింద పెట్టి బతికేది నా వల్ల కాదమ్మా. నేను పోయినంక నా పేరు చెప్పి నలుగురికి పెట్టు, ఇప్పుడు మాత్రం పిలవద్దు" అనేది. ఆ పంతం తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. ఆ పంతానికి ఆధారం ఆ కుప్ప.

ఇంకొక సంగతి చెప్పాలి. పెద్ద కార్తీక దీపాలు పెట్టిన మరునాడు మా ఇళ్లలో కుప్ప కార్తీక. ఆ సాయంత్రం ఆడవాళ్లు దేవుడి గూట్లో కాదు, కుప్ప మీద దీపం పెడతారు. "మన ఇంటి చీదరంతా అది మోస్తాది, మల్లా మనకు కూడు పెడ్తాది. దానికి ఒక దినము మొక్కకపోతే ఎట్ల రా?" అనేది అత్త. ఆ ప్రమిదను తర్వాత తీయరు. అక్కడే వదిలేస్తే మెల్లగా కుప్పలోకి దిగబడి, ఎరువుతో పాటు చేనికి పోతుంది.

ఇట్లా ఉండగా పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఇంటి దగ్గరా కుళ్లేది వేరు, కుళ్లనిది వేరు చేసి తీసుకోవాలట. చెత్త తగ్గించాలట. కుళ్లేదాన్ని ఎరువు చేయాలట, మిగతాదాన్ని పాత సామాన్ల వాళ్లకు ఇవ్వాలట. ఊళ్లో ఎక్కడా దిబ్బన్నది కంటికి కనబడకూడదట. దీనికంతటికీ ఒక ప్లాను రాసి పంపమని రాశారు. మా పంచాయతీ ఆఫీసరు ఆ కాగితాన్ని నా బల్ల మీద పడేసి, "నువ్వే రాయి, నీ చేతిరాత బాగుంటుంది" అన్నాడు. చెత్త గురించి నాకు తెలిసిందల్లా ఒక్కటే, మా ఆవిడ రాత్రి పారేస్తుంది, తెల్లారితే కనబడదు. అంతే.

సరే, తెలిసినవాళ్ల దగ్గరికి పోదామని అత్త దగ్గరికి పోయాను. కుప్ప పక్కన పీట వేసుకుని కూర్చుని, నోటుపుస్తకం తీశాను.

"ఏమి రా, ఆఫీసులో నీకు చెత్త పని ఇచ్చినారా?" అని పకపకా నవ్వింది. "మీ నాయన పుస్తెలమ్మి చదివించినాడు పో, బాగ పెట్టుబడి!"

నాకు ఒళ్లు మండింది. కానీ పని నాది కదా, నోరు మూసుకున్నాను. నవ్వడం అయ్యాక అన్నీ చెప్పింది. ఏ పొర మీద ఏ పొర వేయాలి, ఎన్నాళ్లకు తిరగేయాలి, ఎండాకాలం ఎంత నీళ్లు చల్లాలి. పిడికిట్లో పట్టి నలిపితే పొడిపొడిగా రాలాలి, వాసన చూస్తే మొదటి వానకు తడిసిన మన్ను వాసన రావాలి, అప్పుడు పండినట్టు. చేయి కుప్పలోకి దూర్చి ఒక ప్లాస్టిక్ కవరు లాగి కంచె ముల్లుకు తగిలించింది. "ఈ కవర్లు ఉండాయే, ఇవి చావవు రా. చావనిది కుప్పలో ఉండకూడదు. ఇదొక్కటి రాసుకో, చాలు."

రాసుకున్నాను. అన్నీ మంచి తమిళంలో, శీర్షికలు పెట్టి, కింద గీతలు కొట్టి రాశాను. ప్లాను జిల్లాకు పోయి 'చాలా బాగుంది' అన్న మాటతో తిరిగొచ్చింది. మా ఆఫీసరు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అత్త పేరు అందులో ఎక్కడా లేదు. పేరెందుకు, ఆమె అడిగిందా ఏమన్నా!

ప్లానుతో పాటు ఊరి పటం ఒకటి గీయాల్సి వచ్చింది. తీసేయాల్సిన దిబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎర్ర సిరాతో చుక్కలు పెట్టాలి. సందు సందూ తిరిగి పెట్టాను. మా తెలుగు ఇళ్ల వెనక ఉన్న కుప్పలన్నిటికీ పెట్టాను. అత్త కుప్పకు చుక్క పెట్టేటప్పుడు చేయి వణికిందని రాస్తే బాగుంటుంది. వణకలేదు. మా ఆవిడ ఏడాదిగా ఈగలు, ఈగలు అని నా ప్రాణం తీస్తోంది. నేను కొత్తగా మోపెడ్ కొన్నాను, నిలపడానికి నీడ చోటు లేదు. నా బుద్ధి అంతవరకే పోయింది.

ఊరి బయట రాళ్ల గుట్ట పక్కన రేకుల షెడ్డు లేచింది. వరసగా తొట్లు కట్టారు. ఎర్ర డబ్బా, పచ్చ డబ్బా పెట్టిన మూడు చక్రాల బళ్లు వచ్చాయి. జనానికి డబ్బాలు రెండున్నాయని తెలుసుగానీ రెండెందుకున్నాయో తెలియదు. దగ్గరున్న దాంట్లో వేసేవాళ్లు. కోడి ఈకలు, బోండాల బుర్రలు, పసిపిల్లల గుడ్డలు, పాలకవర్లు, మందు సీసాలు, అన్నీ కలిసి వచ్చి తొట్లలో పడ్డాయి. పదిహేను రోజులకు ఆ తొట్లు ఎరువు కాలేదు, పురుగులు పట్టాయి. కంపుకు కాకులు కూడా దూరంగా వాలేవి.

సరిగ్గా అప్పుడే షెడ్డు ప్రారంభానికి పెద్దాఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. గడువు పట్టుమని వారం కూడా లేదు. మా ఆఫీసరు తల పట్టుకున్నాడు.

"బ్యానర్ కట్టేశాం. ఆయన వచ్చి పిడికెడు ఎరువు చేత్తో ఎత్తితే ఫొటో తీస్తారు. ఏం ఎత్తమంటావ్? నీ తల ఎత్తమంటావా?" అని నలుగురి ముందూ అరిచాడు.

"సార్, ఒక చోట తయారుగా ఉంది" అన్నాను.

ఎవరిదని ఆయన అడగలేదు, ఎవరిదని నేను చెప్పలేదు. "రేపే తెప్పించు" అన్నాడు.

అత్తను అడిగి ఉండొచ్చు. అడిగితే తిట్టి, నవ్వి, ఒక గంపెడు ఇచ్చేదేమో. ఫొటోకి గంపెడు చాలు కదా. కానీ ప్లాను రాసిన మనిషిని, కుర్చీలో కూర్చునేవాడిని, నవ్విన ముసలిదాని ముందే చేయి చాచాలా అనిపించింది. అడుక్కోవడం కంటే దొంగతనమే మర్యాదగా తోచింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అంటారు చూడండి, నేను వాసాలే పీక్కుపోయే రకం.

మర్నాడు అమావాస్య, హరూర్ అవతల తీర్థమలై కొండ మీది గుడికి జనం పోయే రోజు. ఆఫీసు నుంచి నేరుగా అత్త దగ్గరికి పోయి, "తీర్థమలైకి పోయి రా అత్తా, ఎన్నేండ్లుగానో అంటాండావు. రేపు పొద్దున నేనే బస్సు ఎక్కిస్తాను" అన్నాను.

"ఏమి రా, ఉన్నట్టుండి ఇంత ప్రేమ యాడినుంచి పుట్టుకొచ్చె?" అంది. అంటూనే మొహం విప్పారింది. "రైతు ఎల్లుండి బండి తెస్తానన్నాడు. రేపటికి తిరిగొచ్చేస్తాను గదా?"

"చీకటి పడకముందే వచ్చేస్తావు" అన్నాను.

పొద్దున చింతపండు అన్నం మూట కట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. హరూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. "నీ కడుపు చల్లగుండ నాయనా" అని నా తల నిమిరింది. బస్సు కదిలాక చేయి ఊపింది. నేనూ ఊపాను. బస్సు మలుపు తిరగగానే ట్రాక్టరు కోసం పరుగెత్తాను.

పంచాయతీ మేస్త్రి నలుగురు పనివాళ్లతో వచ్చాడు. ఆయన ఇంట్లోనూ తెలుగే. కుప్ప చూసి పార కింద పెట్టాడు.

"అయ్యా, ఇది ముసలమ్మ కుప్ప గదా. ఆమెతో చెప్పినారా?"

"నీకు పని చెప్పేది నేనా, ముసలమ్మనా? ఎత్తు."

ఎత్తారు. లోపల ఎరువు నల్లగా, మెత్తగా, రవంత కంపు లేకుండా ఉంది. నడిమికి వచ్చేసరికి పారకు ప్రమిదలు తగిలాయి. ఎన్ని కార్తీకలవో!

"దీపాలు ఉండాయి అయ్యా. తొక్కకూడదు. ఏరి పక్కన పెడ్తాము" అన్నాడు మేస్త్రి.

"ఏరేదానికి టైము లేదు. అన్నీ వేసేయ్" అన్నాను.

మధ్యాహ్నానికి చోటు నున్నగా అయింది. సున్నపు గీత కొట్టించి, 'ఇక్కడ చెత్త వేయరాదు' అని బోర్డు పాతించాను. ఆ గీత లోపల నా మోపెడ్ సరిగ్గా పట్టింది.

అత్త పొద్దుగూకుతుండగా వచ్చింది. ఒక చేతిలో సీసాలో తీర్థం, ఇంకో చేతిలో ప్రసాదం పొట్లం. రెండూ నాకే. సందు చివర నిలబడి అటూ ఇటూ చూసింది. రేకుల గదిని చూసింది, బోర్డును చూసింది. దారి తప్పి వేరే సందులోకి వచ్చానా అన్నట్టు వెనక్కి రెండడుగులు వేసి మళ్లీ వచ్చింది.

"నా కుప్ప యాడ రా?"

"గవర్నమెంటు ఆర్డరు అత్తా. బండి వచ్చి ఎత్తుకుపోయిరి. నా చేతిలో ఏమీ లేదు."

"వాండ్లకెందుకు రా నా కుప్ప? వాండ్లేమన్నా చేను దున్నతారా?"

నేను తేలు కుట్టిన దొంగనై నిలబడ్డాను. ఆమె నన్ను అనుమానించలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తున్న సంగతి. తిట్టి, మొహాన ఉమ్మి ఉంటే పోయేది. ఆమె తీర్థం సీసా నా చేతిలో పెట్టి, "నువ్వు ఆఫీసులోనే ఉండావు గదా, ఒక అర్జీ రాసి పెట్టు నాయనా. తిరిగి ఇచ్చేయమని అడుగుదాము. రేపు రైతు వస్తాడు" అంది.

రాశాను. పైనున్న అధికారుల వారికి వినయపూర్వకంగా, ఫలానా విధవరాలు రాసుకున్న విన్నపం అని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. వేలిముద్ర వేయించాను. మర్నాడు ఆఫీసులో ఆ అర్జీని పుచ్చుకున్నదీ నేనే, ముద్ర కొట్టిందీ నేనే, ఆమెకు రశీదు చింపి ఇచ్చిందీ నేనే. ఆమె ఆ రశీదును నాలుగు మడతలు పెట్టి నడుముకున్న తిత్తిలో దోపుకుంది. "జవాబు ఎప్పుడొస్తాది?" అని అడిగింది. వస్తుంది అన్నాను. అర్జీని ఫైల్లో అడుగున పెట్టాను.

ఆ రోజే రైతు ట్రాక్టరుతో వచ్చాడు. నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి కిటికీ వెనక నిలబడి విన్నాను.

"ముందే చెప్పింటే ఇంకో చోట చూసుకుంటా గదమ్మా. ఇప్పుడు పదును దాటిపోతాది" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు.

"నన్ను మాట తప్పినదాన్ని చేసినారప్పా" అంది అత్త. ఖాళీ ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని పోయాడు. ఆ ఏడాదే కాదు, ఆ తర్వాతా ఆయన మా సందుకు రాలేదు.

ప్రారంభం రోజు షామియానా, మైకు, మేళం. తొట్లలోని పురుగులను టార్పాలిన్ కింద దాచి, ముందు తొట్టి నిండా అత్త ఎరువు పోయించాం. పెద్దాఫీసరు కారు దిగాడు. ఆయనకు అర్జీలు ఇవ్వొచ్చని ఎవరో చెప్పారట, అత్త రశీదు చేత్తో పట్టుకుని ఆడవాళ్ల వరసలో ముందు నిలబడి ఉంది. నేను చూసేసరికి ఆలస్యమైంది.

ఆయన చొక్కా చేయి మడిచి, ఫొటోవాడి వైపు చూసి నవ్వుతూ ఎరువులో చేయి పెట్టాడు. పిడికెడు ఎత్తాడు. ఎరువు వేళ్ల సందుల్లోంచి రాలిపోయి, అరచేతిలో నల్లగా మాసిన ఒక మట్టి ప్రమిద మిగిలింది. వత్తి కాలిన మసి కూడా ఇంకా ఉంది.

"ఇదేమిటి?" అన్నాడు.

మా ఆఫీసరు నన్ను చూశాడు. పెద్దాఫీసరు మంచివాడే, కోప్పడలేదు. ప్రమిదను మైకు ముందు ఎత్తి చూపించి చక్కగా వివరించాడు. "చూశారా, ఇది కుళ్లనిది. కుళ్లేదాంట్లో కలిసిపోయింది. వేరు చేయడం మీరింకా నేర్చుకోవాలి." అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వరస మాత్రం కొట్టలేదు. మట్టి ప్రమిద ఎరువులోకి ఎట్లా వస్తుందో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఎవరి కుప్ప ఈ మధ్య మాయమైందో అదీ తెలుసు.

అత్త వరస దాటి వచ్చింది. ఎవరూ ఆపలేదు. తొట్టిలోంచి చిటికెడు తీసి నలిపింది, వాసన చూసింది. "అరవై రోజుల ఎరువు సార్, అంతా ఈయన పర్యవేక్షణే" అని మా ఆఫీసరు నా భుజం మీద చేయి వేసి చెబుతున్నాడు. అత్త నా వైపు తిరిగింది.

"తీర్థమలైకి నన్ను ఎందుకు పంపించినావో ఇప్పుడు తెలిసె" అంది, తెలుగులో, మెల్లగా.

పెద్దాఫీసరుకు తెలుగు రాదు. "పెద్దమ్మ ఏమంటోంది?" అని నన్ను అడిగాడు.

"మిమ్మల్ని ఆశీర్వదిస్తోంది సార్" అన్నాను, తమిళంలో.

అత్తకు తమిళం నాకంటే బాగా వచ్చు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. నేనన్న మాట విన్నది. ఆమె ఒక్క మాట తమిళంలో చెప్పి ఉంటే ఆ పూటే నా ఉద్యోగం ఊడేది. చెప్పలేదు. తమ్ముడి కొడుకు కదా. పెద్దాఫీసరు వైపు తిరిగి చేతులు జోడించి, "ఆమా సార్. నల్లా ఇరుంగ" అంది. అవునయ్యా, చల్లగా ఉండండి అని. నాలుగు మడతల రశీదు నా చేతిలో పెట్టి జనంలోకి వెళ్లిపోయింది. ఆ వెంటనే నాకు శాలువా కప్పారు. ఒక చేతిలో రశీదు ఉండిపోయింది, దండం పెట్టడానికి రెండో చేయి కలవలేదు. ఫొటోలో అట్లాగే పడ్డాను.

ఎరువును చిన్న చిన్న సంచులకెత్తి, పైన పంచాయతీ పేరు అచ్చు వేసి వచ్చినవాళ్లకు పంచాం. మిగిలింది పెద్దాఫీసరు బంగళాకు గులాబీ కుండీల కోసం పంపించాం. గులాబీలు బ్రహ్మాండంగా పూశాయని తర్వాత ఆయన మా ఆఫీసరుతో అన్నాడట.

అత్తకు ఇంక రాగులు వచ్చే దారి లేదు. ఉన్న కాసినీ ఎక్కువ రోజులు రావాలని ఎన్ని పూటలు పస్తు ఉందో నాకు తెలియదు. మా ఆవిడ రెండుసార్లు అన్నం గిన్నె తీసుకెళ్లింది. రెండుసార్లూ గిన్నె మూత తీయకుండా తిరిగొచ్చింది. ఒక రోజు అత్త ఆఫీసుకే వచ్చింది. నా బల్ల ముందు నిలబడి తమిళంలో, "సార్, షెడ్డులో ఏమైనా పని ఉంటే ఇప్పించండి" అంది.

"అత్తా..." అన్నాను.

"ఏదైనా సరే సార్" అంది మళ్లీ తమిళంలోనే.

చేర్చుకున్నాను. చెత్త వేరు చేసే పని. కవర్లు, సీసాలు, ఈకలు, గుడ్డలు చేత్తో ఏరాలి. ఏడాదంతా కుప్పలో చేయి పెట్టిన మనిషే, కానీ ఆ కుప్పలో ఏముందో ఆమెకు తెలుసు, ఇక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున హాజరు పుస్తకం తెరిచి ఆమె వేలిముద్ర నేనే తీసుకునేవాడిని. ఒకసారి పగిలిన బల్బు ముక్క గుచ్చుకుని బొటనవేలు వాచి చీము పట్టింది. ఆ వారం ఎడమ చేతి వేలు వేయించాను. చేతికి తొడుగులు ఇవ్వాలని ప్లానులో ఉంది. నేనే రాశాను. అవి ఎన్నడూ రాలేదు.

షెడ్డులో మేస్త్రితో, మిగతా ఆడవాళ్లతో తెలుగులో పరాచికాలాడేది. నేను గేటు దాటి లోపలికి అడుగు పెడితే చాలు, మాట తమిళంలోకి మారిపోయేది. ఒకనాడు పట్టలేక, "అత్తా, నీ కాళ్లు మొక్కుతా, తిట్టు. కొట్టు. తెలుగులో తిట్టు" అన్నాను. చేతిలోని సీసా సంచిలో వేసి, "ఏం కావాలి సార్?" అని తమిళంలో అడిగింది. ఆమె పక్కనున్న మనిషి నవ్వాపుకోలేక తల తిప్పుకుంది.

అట్లా ఆరు నెలలు గడిచి కార్తీకం వచ్చింది. పెద్ద కార్తీక బాగానే జరిగింది. మర్నాడు కుప్ప కార్తీక. ఆ సాయంత్రం నేను మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆడవాళ్లు దీపాలు పట్టుకుని సందుల్లో తిరగడం మొదలుపెట్టారు. అప్పుడుగానీ నాకు వెలగలేదు. నా ఎర్ర చుక్కల పుణ్యమా అని ఈ ఆరు నెలల్లో మా తెలుగు వీధుల్లో ఒక్క కుప్ప కూడా మిగల్లేదు. దీపం ఎక్కడ పెట్టాలి? ఒకామె పంచాయతీ పచ్చ డబ్బా మూత మీద పెట్టబోతే, మూత మెత్తబడి కమురు వాసన వచ్చింది, తీసేసుకుంది. ఇంకొకామె బోర్డు కింద పెట్టి, గాలికి నిలవక చేతుల్లోకి తీసుకుంది. దీపం చీర కొంగుతో కాపాడుకుంటూ వీధంతా వెతుకుతున్నారు.

అత్త వచ్చింది. మామూలు ప్రమిద కాదు, పెద్ద మూకుడు. నిండా నూనె, వేలంత వత్తి. బల్బు ముక్క గుచ్చుకున్న బొటనవేలు అప్పటికీ వంకరగానే ఉంది. నా పక్కనుంచే అరుగు ఎక్కి, మా గడప నట్టనడుమ ఆ దీపం పెట్టింది. వంగి దండం పెట్టింది. లేచి నిలబడి, ఆరు నెలల తర్వాత మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"ఊర్లో కుప్పలన్నీ ఎత్తిపిచ్చేసినావు రా. ఇదొకటే మిగిలింది."

అరుగు దిగి వెళ్లిపోయింది. లోపలినుంచి వచ్చిన మా ఆవిడ ఆ మాట విన్నది. నేను గభాలున దీపం ఎత్తబోయాను. మా ఆవిడ నా చేయి పట్టుకుని లాగింది.

"ముట్టొద్దు! కార్తీక దీపం ఆర్పితే ఇంటికి మంచిది కాదు" అంది.

నేను దీపం దాటకుండా గోడ పక్కనుంచి ఒదిగి లోపలికి పోయాను. ఇంక బయటికి రావడానికి మొహం లేదు. వీధిలోని ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. ఎదురింటామె కాసేపు తటపటాయించింది. తర్వాత వచ్చి, తన ప్రమిదను అత్త దీపం పక్కన పెట్టి, దండం పెట్టి పోయింది. ఆమె వెనక ఇంకొకామె. పటంలో నేను చుక్క పెట్టిన ఇళ్లవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు మా అరుగు ఎక్కారు. మా ఆవిడ వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నేను నడవలో నేల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. చివరికి వచ్చిన ఆమెకు మా గడప మీద చోటు దొరకలేదు, మెట్టు మీద పెట్టి పోయింది.